బనియన్ కనిపించకూడదు... ఒంటికి హాని చేయకూడదు!

వేల్పూర్, ఆర్మూర్ వైపు పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే ఏ ఇంట్లో చూసినా ఇస్త్రీ చేసిన తెల్ల అంగీలే. బోధన్ నుంచి రోజూ నిజామాబాద్ వెళ్లి వచ్చే ఉద్యోగికైనా, బడిలో పాఠం చెప్పే సారుకైనా, బ్యాంకు కౌంటరులో కూర్చునే వారికైనా లేత రంగు చొక్కా అలవాటైపోయింది. చొక్కా ఎంత ఖరీదైనదైనా, వెలుతురులోకి రాగానే కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం లోపలి బనియనే. భుజాల మీద పట్టీలు, వీపు మీద అర్ధచంద్రంలా ఓ గీత, మెడ దగ్గర తెల్లటి అంచు!

దీన్ని దాచడానికి తలా ఒక ఉపాయం కనిపెడుతుంటారు. కొందరు బనియన్ మానేస్తారు. కొందరు ఒంటికి అతుక్కుపోయే బిగుతు బనియన్ వేస్తారు. ఇంకొందరు ఉతికి ఉతికి పలచబడిన పాతదాన్నే నమ్ముకుంటారు. ‘బనియన్ గురించి కూడా డాక్టరే చెప్పాలా?’ అనుకోకండి. ఎండాకాలంలో దురదలు, దద్దుర్లతో ఓపీకి వచ్చినవారిని చొక్కా విప్పమంటే చాలాసార్లు అసలు సంగతి బయటపడేది అక్కడే. చంకల్లో, నడుము చుట్టూ, బనియన్ బిగిసిన చోట చెమట నిలిచి చర్మం పాడైపోయి ఉంటుంది. పైకి కనిపించకుండా ఉండటం, ఒంటికి హాని చేయకుండా ఉండటం రెండూ ఒకే బనియన్‌లో దొరుకుతాయి. ఎంచుకోవడం తెలియాలి, అంతే.

తెల్ల చొక్కా కింద తెల్లదే ఎందుకు కనిపిస్తుంది?

తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ వేసుకుంటే కలిసిపోతుందని చాలామంది నమ్మకం. జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. పలచని చొక్కా గుండా వెలుతురు లోపలికి వెళ్తుంది. మన చర్మం ఆ వెలుతురులో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. తెల్ల బనియన్ మాత్రం దాన్ని తిరిగి బయటికి కొడుతుంది. దాంతో బనియన్ ఉన్న చోట చొక్కా మరింత తెల్లగా, లేని చోట కాస్త నల్లగా కనిపిస్తుంది. ఆ రెండూ కలిసే చోటే గీత పడుతుంది.

అంటే బనియన్ రంగు కలవాల్సింది చొక్కాతో కాదు, మీ ఒంటితో. చామనఛాయ వారికి ముదురు బిస్కెట్ రంగు, లేత గోధుమ రంగు బాగుంటాయి. కాస్త నల్లగా ఉన్నవారికి ముదురు గోధుమ, బూడిద రంగు నప్పుతాయి. మన దగ్గర షాపుల్లో ఒంటి రంగు బనియన్లు అన్నిచోట్లా దొరకవు. అలాంటప్పుడు బూడిద రంగు అడగండి. తెల్ల, లేత నీలం చొక్కాల కింద తెల్లదాని కంటే అదే ఎంతో నయం. ముదురు రంగు చొక్కాలకు ఈ గొడవ లేదు, ఏ రంగైనా సరిపోతుంది.

షాపులోనే ఇలా పరీక్షించండి

కొనేముందు మీ తెల్ల చొక్కా ఒకటి వెంట తీసుకెళ్లండి. చొక్కా బట్ట కింద మీ అరచెయ్యి పెట్టి, చేతిలో సగం వరకు బనియన్ కప్పండి. ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గరికొచ్చి పగటి వెలుతురులో చూడండి. చెయ్యి ఎక్కడ ఉంది, బనియన్ ఎక్కడ మొదలైంది అన్నది తేలిగ్గా గుర్తుపట్టలేకపోతే ఆ రంగు మీకు సరిపోయినట్టే. రంగు తర్వాత చూసుకోవాల్సినవి మరో నాలుగున్నాయి.

మెడ: పై గుండీ విప్పి తిరిగే అలవాటుంటే గుండ్రటి మెడ బనియన్ తొంగిచూస్తుంది. ‘వి’ ఆకారం మెడ తీసుకోండి. టై కట్టేవారికి, పై గుండీ పెట్టుకునేవారికి గుండ్రటి మెడ అయినా ఇబ్బంది లేదు.

చేతులు: సాండో బనియన్‌కు చంక దగ్గర బట్ట ఉండదు. అందుకే చెమట నేరుగా చొక్కాకు పడుతుంది, తడి మరకలు కనిపిస్తాయి. పొట్టి చేతుల బనియన్ అయితే ఆ చెమటను ముందుగా తాను పీల్చుకుంటుంది. దాని చేతులు చొక్కా చేతుల కంటే కనీసం నాలుగు వేళ్లు లోపలికి ఉండేలా చూసుకోండి.

అల్లిక: నిలువు గీతల అల్లిక, లావుపాటి కుట్లు, వీపు మీద అతికించిన లేబుల్ పలచని చొక్కా మీద అచ్చు పడతాయి. నున్నటి అల్లిక, సన్నని కుట్టు ఉన్నది ఎంచుకోండి. మెడ వెనక లేబుల్ కుట్టకుండా బట్ట మీదే అచ్చు వేసినవి వస్తున్నాయి. దురద గుణం ఉన్నవారికి అవి మరీ మంచివి.

సైజు: మన బనియన్ల మీద ఉండే 80, 85, 90, 95, 100 అంకెలు ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో. టేపును చంకల కిందుగా తిప్పి కొలవండి. రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. ‘పదేళ్లుగా 85యే వేస్తున్నా’ అనే మాట పెళ్లికి ముందు కొలత. పొట్ట వచ్చాక కూడా అదే సైజు వేస్తే బనియన్ పైకి ఎగదన్నుకుని నడుము దగ్గర మడతలు పడుతుంది. పైకి ఉబ్బుగా కనిపించడమే కాదు, చెమట చేరేది కూడా ఆ మడతల్లోనే. వేసుకున్నాక రెండు వేళ్లు చంక దగ్గర సులువుగా దూరాలి. టక్ చేసేవారికి నడుము కిందికి కనీసం జానెడు పొడవుండాలి.

ఏ బట్ట మేలు?

మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. గ్రాము చెమట ఆవిరైతే అర కిలో కేలరీకి పైగా వేడిని వెంట తీసుకుపోతుంది. ధారగా కారి నేలపాలైన చెమట వల్ల ఆ మేలు జరగదు. లోపలి బట్ట చెమటను పీల్చుకుని గాలికి వదిలేయాలి అనేది అందుకే.

నూలు బట్టకు పీల్చుకునే గుణం ఎక్కువ. సాధారణ వాతావరణంలోనే తన బరువులో 7-8 శాతం తేమను పట్టుకోగలదు. పాలిస్టర్ పట్టుకునేది అర శాతం లోపే. అందుకే ఆఫీసులో కూర్చునేవారికి, మామూలుగా తిరిగేవారికి పలచని కాటన్ బనియన్‌ను మించింది లేదు. అయితే నూలుకూ ఒక లోపం ఉంది. బాగా తడిస్తే త్వరగా ఆరదు. పొలంలో పసుపు తవ్వేవారు, చెరకు నరికేవారు, బండి మీద ఊరూరా తిరిగే ఉద్యోగాలవారు దాన్నే సాయంత్రం దాకా ఉంచుకోకూడదు.

వ్యాయామానికి అమ్మే పాలిస్టర్ బనియన్లు చెమటను పక్కకు లాగి త్వరగా ఆరతాయన్నది నిజమే. అవి గంటసేపు ఆటకు, పరుగుకు పనికొస్తాయి. రోజంతా వేసుకుంటే వాసన పట్టేస్తుంది. ఇక ‘వెదురు’ బనియన్లు అని అమ్మేవి చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్ దారంతో చేసినవే. మెత్తగా ఉంటాయి, తేమ పీలుస్తాయి. అంతకుమించి వాటికి వైద్య గుణాలేవీ ఆపాదించుకోవద్దు. సాగడానికి కొద్దిపాటి ఎలాస్టిక్ దారం కలిసి ఉన్నా ఫర్వాలేదు. లేబుల్ మీద కాటన్ శాతం ఎంతో చదివి కొనండి.

మన ఎండలకు అసలు బనియన్ అవసరమా?

‘ఏప్రిల్, మేలో 44 డిగ్రీలు దాటే ఊళ్లో రెండు పొరలెందుకు సార్?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బనియన్ తప్పనిసరి అని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. వదులైన కాటన్ చొక్కా వేసుకుని ఇంటి దగ్గర, పొలం దగ్గర ఉండేవారు దాన్ని నిక్షేపంగా మానేయవచ్చు. చొక్కా బట్టలో పాలిస్టర్ కలిసినా, రోజంతా టక్ చేసుకుని ఉండాల్సి వచ్చినా మాత్రం పలచని కాటన్ బనియన్ మేలు చేస్తుంది. చెమటను చర్మం మీద నిలవనివ్వదు, చొక్కా ఒంటికి అతుక్కోనివ్వదు.

బాగా చెమట పట్టేవారు ఇంకో బనియన్ సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ముందు మార్చుకోండి. ఖరీదైన బనియన్ ఒకటి కొనడం కంటే మామూలువి ఆరు కొనుక్కోవడం మంచిది.

చంకలకు చెమట తగ్గించే మందు రాసుకునేవారు రాత్రిపూట, చర్మం పూర్తిగా ఆరాక రాసుకుంటే బాగా పనిచేస్తుంది. పొద్దున తడి మీద రాసి వెంటనే బట్ట వేసుకుంటే అందులోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి పసుపు మరకలు పడతాయి. మామూలు డియోడరెంట్ వాసనను కప్పుతుందే తప్ప చెమటను ఆపదు.

చెమటకాయలా? తామరా?

బిగుతు బనియన్ వల్ల వచ్చే ఇబ్బందుల్లో తేలికైనది చెమటకాయలు. చెమట గొట్టాల మూతులు మూసుకుపోయి వీపు, ఛాతీ, మెడ మీద సన్నని పొక్కులు లేస్తాయి, చిటపటలాడతాయి. రోజుకు రెండుసార్లు చన్నీళ్ల స్నానం, వదులు బట్టలు, ఫ్యాను గాలి ఉంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కాలమైన్ లోషన్ రాయవచ్చు. పౌడరు మందంగా అద్దితే చెమటతో ముద్దకట్టి ఇంకా ఇబ్బంది పెడుతుంది. పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

తామర అలా కాదు. అది ఫంగస్ వల్ల వచ్చేది. గుండ్రంగా మొదలై అంచులు ఎర్రగా పొట్టు లేస్తూ పాకుతుంది. మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. చంకలు, గజ్జలు, నడుము చుట్టూ, అంటే తడి బట్ట ఒరిసే చోటల్లా వస్తుంది. గత పదేళ్లలో మన దేశంలో ఇది బాగా పెరిగింది, మొండిదిగా కూడా మారింది. మామూలు మందులకు లొంగని ఒక రకం ఫంగస్‌కు 2020లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’. పేరులోనే ఇండియా ఉందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ‘మెడికల్ షాపుల ట్యూబు అడిగితే ఇచ్చిండు సార్. రాసుకుంటే రెండు దినాలల్ల తగ్గింది. బంద్ చేస్తే మల్ల లేసింది’... ఓపీలో తరచూ వినే మాట ఇది. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును, దురదను వెంటనే అణచేస్తుంది కాబట్టి తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ చర్మంలోని రక్షణశక్తిని కూడా అణచేస్తుంది. ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. రూపాయి బిళ్లంత మచ్చ వీపంతా పాకుతుంది. దాని ఆకారం కూడా మారిపోయి గుర్తుపట్టడమే కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే చంకల్లో, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు మళ్లీ పూర్తిగా పోవు.

ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడే. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన పెట్టింది. పక్కింటివారికి పనిచేసిందని మీరు తెచ్చుకోవద్దు. తామరకు మందు వారాల తరబడి వాడాలి. దురద తగ్గగానే ఆపకుండా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. లేకపోతే ఇద్దరి మధ్య అది బంతిలా తిరుగుతూనే ఉంటుంది.

ఉతకడం, ఆరబెట్టడం సగం వైద్యం

బనియన్ ఏ రోజుది ఆ రోజు ఉతకాలి. ‘పొద్దంతా ఏసీలోనే ఉన్నా, చెమట పట్టలేదు’ అని కొక్కేనికి తగిలించి మర్నాడు మళ్లీ వేసుకోవద్దు. అన్నదమ్ములు, హాస్టల్ పిల్లలు ఒకరి బనియన్లు, తువాళ్లు ఒకరు వాడుకోవద్దు. తామర ఉన్నవారి లోదుస్తులు విడిగా, 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే ఆరిన తర్వాత ఇస్త్రీ చేయాలి. సబ్బు పూర్తిగా పోయేలా జాడించాలి, బట్టలో మిగిలిన సబ్బు కూడా దురద పుట్టిస్తుంది. బ్లీచింగ్ ఎక్కువగా వాడితే ఒంటి రంగు బనియన్ వెలిసి మళ్లీ పైకి కనిపించడం మొదలవుతుంది.

బనియన్‌కు గడువు తేదీ ఉండదు. మెడ సాగినా, బట్ట గరుకెక్కినా, ఉతికినా వాసన పోకపోయినా దాని పని అయిపోయినట్టే. ‘లోపలిదే కదా, ఎవరు చూస్తారు’ అని చిల్లులు పడేదాకా వేసుకునే నాన్నలు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ బనియన్‌ను మసిగుడ్డగా మార్చే హక్కు ఇంటి ఇల్లాలికి ఇచ్చేయండి.

మీ అబ్బాయి రెండు బనియన్లు వేస్తున్నాడా?

మండు వేసవిలో 13-14 ఏళ్ల అబ్బాయి రెండు బనియన్లు వేసుకుంటున్నాడంటే, బిగుతుదే కావాలని పట్టుబడుతున్నాడంటే తిట్టకండి. అతను దాస్తున్నది బనియన్‌ను కాకపోవచ్చు. ఆ వయసులో హార్మోన్ల మార్పుతో చాలామంది మగపిల్లలకు చనుమొనల కింద కొద్దిగా గడ్డలా పెరుగుతుంది, ముట్టుకుంటే నొప్పి కూడా ఉంటుంది. తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని ఎవరికీ చెప్పరు, ఆటలకు కూడా వెళ్లరు. ఇది జబ్బు కాదు. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఆ మాట తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని చెబితే సగం భయం పోతుంది. రెండేళ్లు దాటినా తగ్గకపోతే, మరీ పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి.

పెద్దవారిలో కొత్తగా ఇలా పెరిగితే కారణం వెతకాలి. కొన్ని రకాల మందులు, మద్యంతో దెబ్బతిన్న కాలేయం, కండల కోసం తీసుకునే ఇంజెక్షన్లు ఇందుకు దారితీస్తాయి. ఒకవైపే గట్టి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయవద్దు. అరుదే అయినా మగవారికీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

బనియన్ తీసినప్పుడు ఇవీ చూడండి

మన వీపు మనకు కనిపించదు. నెలకోసారి ఇంట్లోవాళ్లతో వీపు చూపించుకోండి.

స్పర్శ లేని మచ్చ: మెడ, వీపు, ఛాతీ మీద సన్నని పొట్టు లేచే తెల్ల మచ్చలు చాలావరకు శోభి. దానికి మందు సులువు. కానీ పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ మీద దూదితో తాకినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు. కళ్లు మూసుకుని పరీక్షించుకోండి. ఈ జబ్బుకు మన జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లోనే ఆసుపత్రి వెలిసింది. అప్పటికి సరైన మందే లేదు. ఇప్పుడు ఆరు నెలలు లేదా ఏడాది మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. దాచుకుంటేనే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి.

ఒకవైపే నీటిపొక్కులు: బనియన్ ఒరుసుకుందనుకుని చాలామంది వదిలేస్తారు. వీపు నుంచి ఛాతీ వరకు ఒకే పక్క పట్టీలా మంటతో పొక్కులు వస్తే అది సర్పి. మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

మాటిమాటికీ సెగ్గడ్డలు: మెడ వెనక, వీపు మీద పదేపదే లేస్తుంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

రాత్రిపూట తడిసే బనియన్: ఉక్కపోత లేకున్నా రాత్రుళ్లు బనియన్ పిండేలా తడుస్తూ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి. షుగర్ మందులు వాడేవారికి ఒక్కసారిగా చెమటలు పట్టి వణుకు, ఆకలి వస్తే షుగర్ పడిపోయిందేమో చూడాలి. వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. ఛాతీలో బరువుతో పాటు చల్లని చెమటలు పోస్తే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి

- బనియన్ రంగు చొక్కాతో కాదు, మీ ఒంటి రంగుతో కలవాలి. దొరక్కపోతే బూడిద రంగు.
- పై గుండీ విప్పేవారికి ‘వి’ మెడ, చంకల్లో చెమట పట్టేవారికి పొట్టి చేతులు.
- రోజంతా వేసుకోవడానికి పలచని కాటన్, మీ ఇప్పటి కొలత.
- తడిసిన వెంటనే మార్చుకోవాలి. ఒకరిది ఇంకొకరు వేసుకోకూడదు.
- దురదకు చీటీ లేకుండా ట్యూబు కొనవద్దు.
- బనియన్ కింద మచ్చ, గడ్డ ఏది కనిపించినా దాచకుండా డాక్టరుకు చూపించాలి.